వాగు మీద ఫుట్‌పాత్

సర్కారు కంప్యూటర్లో జరిగే తప్పుల్ని దయచేసి ఎవరూ సరిదిద్దకండి! చేతులు జోడించి మనవి చేస్తున్నాను. సరిగ్గా నింపిన దరఖాస్తు వల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా? పదకొండేళ్లు ఒక్క అక్షరం తప్పు లేకుండా దరఖాస్తులు పెట్టుకున్న ఊరు నాకు తెలుసు. ఏమీ రాలేదు. ఒకే ఒక్కసారి తప్పు జరిగింది. గ్రానైటు రాళ్లతో సహా వచ్చింది!

నమ్మకం లేకపోతే చేవెళ్లలో ప్రాజెక్టు ఇంజనీరు కృపాకర్‌ను అడగండి. ఆయన చెప్పడు. పాపం, మెమోకు జవాబు రాసే పనిలో ఉన్నాడు. అందుకే ఆయన తరఫున చెప్పే భారం నా నెత్తిన వేసుకున్నాను.

కృపాకర్ ఉద్యోగం కాంట్రాక్టర్లు కట్టే సర్కారు పనుల్ని దగ్గరుండి చూసుకోవడం. ఆ పనిలో ఆయనకు కొంచెం చాదస్తం. కాంక్రీటును గోటితో గీకి చూస్తాడు. కంకరను దోసిట్లో పోసుకుని, ఆడపడుచు బియ్యం చూసినట్టు చూస్తాడు. కొలత టేపు జేబులో లేకుండా ఆదివారం చర్చికి కూడా వెళ్లడు. ఒకసారి ప్రార్థన మధ్యలో కిటికీ చట్రం వంకరగా ఉందని గమనించి, అందరూ ఆమెన్ అన్నాక కూడా దానివంకే చూస్తూ నిలబడిపోయాడట.

ఇంత కచ్చితమైన మనిషిని ఏటా ఎండాకాలంలో దరఖాస్తు పట్టుకొచ్చి ఒక మనిషి భయపెడుతుంది. ఆమె పేరు శకుంతలమ్మ. మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్‌లో ఉంటుంది. ఇల్లు వాగుకు ఈ వైపు, మూడెకరాల చేను ఆ వైపు. క్యారెట్, కొత్తిమీర పండిస్తుంది. ఎండాకాలంలో ఆ వాగు ఇసుక. వానాకాలంలో నడుము లోతు నీళ్లు. పోయిన ఏడాది క్యారెట్ మూటలతో దాటబోయి జారింది. మూటలు కొట్టుకుపోయాయి. ఆమె ఒక తుమ్మ కొమ్మ పట్టుకుని మిగిలింది.

మోకాలు బెణికి దవాఖానలో పడుకున్న ఆమెను చూడడానికి కృపాకర్ వెళ్లాడు. వెళ్లినవాడు బత్తాయిలు ఇచ్చి ఊరుకుంటే సరిపోయేది. “వచ్చే వానలకు నువ్వు కాలు తడవకుంట దాటుతవు అవ్వా, నాది పూచీ” అని నోరు జారాడు. ఇంజనీరు అన్నవాడు ఎక్కడైనా తారీఖు చెబుతాడా?

కల్వర్టు కట్టించడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. ఆ వాగును రోజూ ఎన్ని వాహనాలు దాటుతున్నాయని పై ఆఫీసు అడిగింది. మనిషిని కూర్చోబెట్టి మూడు రోజులు లెక్క పెట్టించాడు. సున్నా! వాహనాలు లేని చోట కల్వర్టు ఎందుకన్నారు. కల్వర్టు లేదు కనుకనే వాహనాలు లేవని రాశాడు. వాహనాలు రావడం మొదలయ్యాక రాయండి, పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. ఇందులో ఎక్కడైనా లోపం ఉందా? వెతకండి, దొరకదు. గోలీకి మూల వెతికినట్టే.

అప్పుడు వచ్చింది మన పోర్టల్!

ఇకమీదట పనులన్నీ ఆన్‌లైన్లోనే అన్నారు. పట్నం ఆఫీసు వాళ్లకు పని ఒత్తిడి ఎక్కువ కనుక, వాళ్ల జాబితాలు ఎక్కించే పని కూడా చేవెళ్ల ఆఫీసుకే పంపారు. చేవెళ్లలో ఆ పని చేసేది సాహిత్య అనే ఆపరేటరు. మొయినాబాద్ పిల్ల. జాబితాలో ఒక చోట ‘హిమాయత్‌నగర్, ఆదర్శ ఫుట్‌పాత్’ అని ఉంది. ఊరిని ఎంచుకోవాలని నొక్కితే పేర్ల వరుస కిందికి జారింది. అందులో హిమాయత్‌నగర్ రెండుసార్లు ఉంది.

మీకూ నాకూ తెలుసు, హిమాయత్‌నగర్లు రెండు. ఒకటి పట్నం నడిబొడ్డున, పెద్ద పెద్ద షాపుల మధ్య ఉన్నది. రెండోది చేవెళ్ల రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చేది. కానీ సాహిత్యకు ఆ పేరు చిన్నప్పటి నుంచి షేర్ ఆటోవాళ్లు అరవగా విన్న పేరు. అదంటే వాగు పక్క ఊరే. కంప్యూటర్ అదే మాట రెండుసార్లు చెబుతున్నదనుకుంది. సర్కారు కంప్యూటర్ కదా, చెప్పిందే చెప్పడంలో వింతేముంది? కింద ఉన్నదాని మీద నొక్కింది. సబ్మిట్ కొట్టింది. ఆ బటన్ నొక్కాక బ్రహ్మదేవుడు వచ్చినా మార్చలేడు. ఎడిట్ అనే వసతి పోర్టల్లో పెట్టలేదు.

వారం తిరిగేసరికి కృపాకర్ టేబుల్ మీదికి వర్క్ ఆర్డరు వచ్చింది. చదివి కళ్లు నులుముకున్నాడు. హిమాయత్‌నగర్‌లో గ్రానైటు పరిచిన ఫుట్‌పాత్. కింద వాననీళ్లు పోవడానికి తూములు. వాహనాలు ఎక్కకుండా నలభై స్టీలు గుంజలు. రెండు బెంచీలు. పాదచారులు రోడ్డు దాటడానికి ఎర్రదీపం పచ్చదీపం ఉన్న సిగ్నల్ ఒకటి. ఆ ఊళ్లో ట్రాఫిక్ జామ్ అంటే వెంకటయ్య బర్రెలు సాయంత్రం ఇంటికి రావడం!

ఆయన నిజాయతీపరుడు కనుక వెంటనే పోర్టల్లో ఫిర్యాదు పెట్టాడు. తప్పు ఊరికి ఆర్డరు వచ్చింది, సరిచేయగలరు అని. మరునాడు ‘మీ సమస్య పరిష్కరించబడింది, ధన్యవాదాలు’ అని మెసేజి వచ్చింది. చూస్తే ఆర్డరు అలాగే ఉంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పరిష్కారమైంది. మూడోసారి పరిష్కారమయ్యాక, తమ సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగింది. ఇంతకన్నా మర్యాద ఏ గుమస్తా చూపించాడు చెప్పండి?

సరిగ్గా ఆ రోజుల్లోనే శకుంతలమ్మ పన్నెండో దరఖాస్తు పట్టుకుని వచ్చింది. కుంటుకుంటూ మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, కల్వర్టు సంగతి అడిగింది. కృపాకర్‌కు సిగ్గేసింది. కల్వర్టు రాలేదు గానీ మీ ఊరికి ఫుట్‌పాత్ వచ్చిందని, జరిగిన కథంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఆలోచించింది.

“ఫుట్‌పాత్ అంటే ఏంది బిడ్డా? నడిచే తొవ్వనే గద?”

“అవునవ్వా.”

“మరి మేం నడిచే తొవ్వ వాగులకెల్లే ఉన్నది. ఆడ ఎయ్యి.”

కృపాకర్ నవ్వబోయి ఆగిపోయాడు. వర్క్ ఆర్డరు మళ్లీ తీశాడు. ‘ప్రదేశం: పాదచారులు ఇబ్బంది పడుతున్న చోట, ప్రాజెక్టు ఇంజనీరు నిర్ణయించవలెను’ అని రాసి ఉంది. మొయినాబాద్ మండలమంతా వెతికినా, మోకాలు బెణికించుకుని ఎదురుగా కూర్చున్న ఈ పాదచారి కన్నా ఇబ్బంది పడినవాళ్లు ఎవరున్నారు?

ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. భయంతో కాదు, సంతోషంతో! డ్రాయింగు చదివినకొద్దీ పట్నం ఇంజనీర్ల మీద గౌరవం పెరిగింది. ఫుట్‌పాత్ వెడల్పు మూడు మీటర్లు. మనుషులు నడవడానికి అంత ఎందుకు? దాని మీద ఒక కారు నిలపాలి, ఒక బజ్జీల బండి పెట్టుకోవాలి, మిగిలిన సందులో మనిషి ఒదిగిపోవాలి. కార్లు నిలుపుతారని తెలుసు కనుక కాంక్రీటు కూడా కారు బరువు మోసేలా లెక్క కట్టారు. అంటే ఆటో పోవచ్చు! ఫుట్‌పాత్ కింద తూములు ఉండాలన్నారు. పొడవునా పరచవలసిన తూముల్ని కృపాకర్ వాగు పారే దిక్కుకు తిప్పాడు. ఇప్పుడూ ఫుట్‌పాత్ కిందే ఉన్నాయి కదా! వాహనాలు ఎక్కకుండా పాతాల్సిన గుంజల్ని రెండు అంచులా వరసగా పాతించాడు. ఎవరూ వాగులో పడకుండా. నలభై గుంజలు ఉండాలన్నారు, నలభై ఉన్నాయి. ఎక్కడ ఉండాలో పోర్టల్ అడగలేదు.

కాంట్రాక్టరు బాల్‌రాజ్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం హుషారు పట్టలేకపోయాడు. ఎట్లాగూ తప్పు ఊళ్లో కడుతున్నాం కదా, సిమెంటు జర అటూ ఇటూ అయినా అడిగేవాడు లేడన్నాడు. కృపాకర్ టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఊరు తప్పు గావచ్చు బాల్‌రాజన్నా, పని తప్పు గావద్దు. కాంక్రీటు గట్టిపడాలంటే ఇరవై ఒక్క రోజులు నీళ్లు కొట్టాల్సిందే.”

ఆ ఇరవై ఒక్క రోజులే ప్రాణం మీదికి తెచ్చాయి. మే నెల వెళ్లిపోతున్నది. వానలు ఎప్పుడైనా రావచ్చు. అంతకన్నా ముందు పట్నం వాళ్లకు సంగతి తెలిసిపోవచ్చు. తెలిస్తే పని ఆపేస్తారు. సగం కట్టిన కల్వర్టు ఆ ఊరికి ఎందుకు? శకుంతలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి కాంక్రీటు మీద గోనె సంచులు కప్పి, తడిపి, మొగులు వైపు చూసి వెళ్లేది.

భయపడినట్టే అయింది. కృపాకర్ పోర్టల్లో పెడుతున్న ఫొటోలను పట్నం హిమాయత్‌నగర్‌లో ఒక పెద్దమనిషి చూశాడు. రిటైరైన లెక్చరరట. పట్నం ఆఫీసుకు ఫోన్ చేసి, మా వీధి ఫుట్‌పాత్ ఎనభై శాతం పూర్తయిందని చూపిస్తున్నారు, నాకు మాత్రం కనబడడం లేదు, ఈ మధ్యనే కంటి ఆపరేషన్ అయింది, మళ్లీ చేయించుకోమంటారా అని వినయంగా అడిగాడు. పైగా ఫొటోలో బర్రె కూడా ఉందన్నాడు. రెండు వారాల్లో ఆ మాట మెట్లెక్కీ ఎక్కీ అక్కడి పెద్ద సారు చెవిన పడింది. గురువారం స్వయంగా వస్తున్నానని కబురు చేశాడు.

బుధవారానికి ఇరవై ఒక్క రోజులూ పూర్తయ్యాయి. ఆ సాయంత్రం కృపాకర్ నూరు శాతం పూర్తయిందని పోర్టల్లో ఎక్కించాడు. ఆ రాత్రే ఆ ఏడాది తొలి వాన కుమ్మేసింది.

పెద్ద సారు జీపు వచ్చేసరికి వాగు ఎర్రగా పారుతున్నది. తూముల్లోంచి నీళ్లు కింద పోతున్నాయి. పైన గ్రానైటు తళతళలాడుతున్నది. సిగ్నల్‌కు టైమింగ్ పెట్టడానికి ఎవరూ రాలేదు కనుక ఎర్రదీపమే వెలుగుతున్నది. వెంకటయ్య బర్రెలు, వాటి వెనక రెండు ఆటోలు దాన్ని లెక్కచేయకుండా దాటుతున్నాయి. పట్నం అలవాట్లు అంత తొందరగా వచ్చేశాయన్న మాట! పెద్ద సారు జీపు మధ్యలో ఆపించి, కోపంగా దిగాడు. ఇది ఫుట్‌పాత్ కదా, దీని మీద బండ్లు ఎందుకు తిరుగుతున్నాయని గద్దించాడు.

“మీ జీపు గూడ దాని మీదనే ఉన్నది సార్” అన్నాడు కృపాకర్, చాలా మెల్లగా.

పెద్ద సారు కిందికి చూశాడు. నీళ్లను చూశాడు. గుంజల్ని చూశాడు. తర్వాత ఫైలు తెరిచి, ఇదంతా పట్నానికి రావలసినదని, తప్పు ఊళ్లో కట్టారని, దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలని అన్నాడు. సాహిత్య పేరు అడిగాడు. ఆర్డరు అందుకుని కట్టించింది తానేనని, మెమో తనకే ఇవ్వమని కృపాకర్ చెప్పాడు.

అప్పటికి శకుంతలమ్మ అవతలి ఒడ్డు నుంచి వస్తున్నది. వెనక ఆటోలో క్యారెట్ మూటలు. ఆమె మాత్రం ఆటో ఎక్కకుండా నడిచే వచ్చింది. దగ్గరికొచ్చి, చీర కుచ్చెళ్లు జరిపి పాదాలు చూసుకుంది. కృపాకర్‌కు చూపించింది. తడవలేదు. ఆయన కళ్లే తడిశాయి.

పెద్ద సారు అన్నమాట ఆమె చెవిన పడింది. “తప్పు ఊరెట్లయితది సారు? మాది గూడ హిమాయత్‌నగరే.”

పెద్ద సారు ఫైలు మూశాడు. జీపెక్కి వెళ్లిపోయాడు, అదే ఫుట్‌పాత్ మీదుగా.

ఆ వారం కృపాకర్‌కు పోర్టల్ నుంచి రెండు కాగితాలు వచ్చాయి. తప్పు ఊళ్లో పని చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని ఒకటి. గడువులోగా నాణ్యంగా పని పూర్తి చేసినందుకు ప్రశంసాపత్రం ఇంకొకటి. రెండింటి మీదా ఒకే సంతకం. ఫుట్‌పాత్‌ను మాత్రం ఎవరూ రద్దు చేయలేకపోయారు. ఎడిట్ లేదు కదా!

ఇప్పుడైనా నా మాట ఒప్పుకుంటారా? పోర్టల్‌కు దండం పెట్టుకుందామా?

నేను ఒక్కణ్నే కాదు, ఇంకా భక్తులున్నారు. మొన్న సోమవారం వాగుకు ఎగువనున్న ఒక చిన్న పల్లె నుంచి మల్లప్ప అనే పెద్దాయన చేవెళ్ల ఆఫీసుకు వచ్చాడు. ఆ పల్లె పేరు ఇప్పుడు చెప్పడం బాగుండదు, మారబోతున్నది కనుక. వాళ్లకూ అదే వాగు, అదే నడుము లోతు. మల్లప్ప చేతిలో గ్రామసభ తీర్మానం ఉంది. తమ ఊరికి ఇకమీదట జూబ్లీహిల్స్ అని పేరు పెట్టుకోవడానికి అందరూ ఒప్పుకున్నారట.

కృపాకర్ ఆయనను కూర్చోబెట్టి, అవన్నీ ఎందుకు పెద్దయ్యా, మీ ఊరి పేరు మీదనే కల్వర్టు కావాలని రాసివ్వండి, నేను పైకి పంపుతాను అన్నాడు.

“తొమ్మిదేండ్లు మా పేరు మీదనే అడిగినం సారూ” అన్నాడు మల్లప్ప.

కృపాకర్ చెయ్యి చాపాడు. తీర్మానం అందుకుని, మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివాడు. కలం తీశాడు. ‘జూబీహిల్స్’ అని రాసిన చోట లావత్తు ఎగిరిపోయింది. దాన్ని తన చేత్తో దిద్ది ఇచ్చాడు.

తప్పు జరగాలన్నా స్పెల్లింగ్ సరిగ్గా ఉండాలి కదా!