పొంగిన కమోడ్‌కు నా నమస్కారాలు

ప్రతి ఇంట్లోనూ ఏడాదికి ఒక్కసారైనా కమోడ్ పొంగాలి!

ముక్కు మూసుకోకండి. డిగ్రీ చదివిన బుర్రతో, పూర్తి స్పృహలో, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మరీ రాస్తున్నాను. పొంగని కమోడ్ ఉన్న ఇంటివాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్ళ కుటుంబం ఎప్పుడు ఒక్కచోట చేరుతుంది చెప్పండి?

మా ఇంట్లో నలుగురం. మావారు, అత్తగారు, కాలేజీకి వెళ్ళే కూతురు, నేను. నలుగురం ఫోన్లు పక్కన పడేసి ఒకే వస్తువును ఏకాగ్రతతో చూసి ఎన్నేళ్ళయింది? టీవీ చెయ్యలేకపోయింది. పుట్టినరోజులు చెయ్యలేకపోయాయి. కమోడ్ చేసింది!

ఇక ఆరోగ్యమంటారా? మోకాళ్ళ నొప్పులతో సోఫాలోంచి లేవలేని మా అత్తగారు, నీళ్ళు పాదాల దగ్గరకు రాగానే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పీట ఎక్కి నిలబడ్డారు. ఆరు నెలల మందులు చెయ్యలేని పని ఆరు క్షణాల్లో అయింది. ఏ డాక్టరు రాయగలడు ఇలాంటి చీటీ?

విజ్ఞానం కూడా పెరుగుతుంది. నేల తుడిచే కర్ర ఎక్కడుంటుందో మావారికి పద్దెనిమిదేళ్ళ తర్వాత తెలిసింది. అది మొదటి రోజు నుంచీ తలుపు వెనకే ఉంది పాపం!

అసలు సంగతి చెప్పే ముందు మా ఇంటి రాజ్యాంగం గురించి చెప్పాలి. ఎక్కడా రాసి లేదు గానీ అమలు మాత్రం కచ్చితంగా జరుగుతుంది. ఒకటే సూత్రం: ఎవరు ముందు చూస్తే వాళ్ళే చెయ్యాలి.

ఎంత న్యాయంగా ఉందో చూడండి! దీనివల్ల మా వాళ్ళకు ఒక అపూర్వమైన చూపు అలవడింది. పొయ్యి పక్కనే నిలబడిన కూతురికి పాలు పొంగడం కనబడదు. హాల్లో బల్బు పోతే మావారు నాలుగు రోజులు చీకట్లో కూర్చుని "కళ్ళకు హాయిగా ఉంది" అంటారు. అంట్లు నిండిన సింకు పక్కనుంచి వెళ్ళేటప్పుడు అత్తగారు కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంటారు. సింకు దాటేదాకా తుడుస్తూనే ఉంటారు.

ఇంతమందిలో కళ్ళు సరిగ్గా పనిచేసేది నాకొక్కదానికే. అందుకే రెండుసార్లు ఉద్యోగపు ఇంటర్వ్యూలకు వెళ్ళలేకపోయాను. ఒకసారి గుమ్మం దాటుతుండగా వాషింగ్ మెషీన్ గొట్టం ఊడింది. ఇంకోసారి ఫ్రిజ్‌లో మంచు కరిగి వంటగది చెరువైంది. రెండుసార్లూ చూసింది నేనే. ఇంకేముంది!

మొన్న మూడోది. వెనక వీధిలోని బడిలో, లైబ్రరీ చూసుకునే పని. పదింటికి రమ్మన్నారు. ఇది కూడా పోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ పిలవరు.

ఏడింటికి కూతురు బాత్రూంలోకి వెళ్ళింది. బయటికొస్తూ తలుపు ఎంతో మర్యాదగా, చప్పుడు కాకుండా మూసింది. తలుపులు దబ్బుమనిపించే పిల్ల! తర్వాత మావారు పేపరు పట్టుకుని వెళ్ళారు. ఫ్లష్ రెండుసార్లు వినబడింది. ఈల వేసుకుంటూ వచ్చారు. ఆయన ఈల వేశారంటే ఏదో దాస్తున్నారని అర్థం. చివరికి అత్తగారు. వెళ్ళిన ముఖాన కళ్ళజోడు ఉంది, వచ్చిన ముఖాన లేదు. ఆవిడ నొక్కిన నొక్కుకు ఫ్లష్ మీట కాస్తా లోపల ఇరుక్కుపోయింది.

తొమ్మిదింటికి నీళ్ళు గడప దాటి తామే హాల్లోకి వచ్చాయి. ఎంతసేపని ఎదురుచూస్తాయి?

"అమ్మా! బాత్రూంలోంచి ఏదో వస్తోంది!" కూతురు కుర్చీ ఎక్కేసింది.

"ముందు ఎవరు చూశారు?" అన్నారు మావారు. విచారణ ముందు, నీళ్ళు తర్వాత.

"నాకు కళ్ళజోడు లేదు నాయనా. అంతసేపు లోపల కూర్చుంది నువ్వేగా!" అన్నారు పీట మీద నుంచి అత్తగారు.

"పేపరు చదువుకుంటున్నానమ్మా. కిందకెందుకు చూస్తాను?"

"రెండుసార్లు ఫ్లష్ కొట్టారు నాన్నా. నేను విన్నాను."

"విన్నదానివి చెప్పొద్దూ? అంటే నీకు ముందే తెలుసన్నమాట!"

కేసు తేలలేదు. ముగ్గురూ కలిసి నా వైపు తిరిగారు. నేను ఫైలు చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరున్నాను.

"ఏవోయ్, ఐదు నిమిషాల పని. నీకైతే చెయ్యి తిరిగిన పని కూడానూ," అన్నారు మావారు.

పెళ్ళయ్యాక నా ప్రతిభను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు! చంకలోని ఫైలు పక్కన పెట్టబోయాను. అయినా తమాయించుకున్నాను.

"నేను చూళ్ళేదండీ," అన్నాను.

"చూళ్ళేదా? కాళ్ళ కింద పారుతుంటేనూ!"

"ఇప్పుడు చూస్తున్నాను. ముందు చూసింది ఎవరో మీలో మీరు తేల్చుకోండి. నాకు టైమైంది."

బడిలో పెద్దమేడం కాగితాలు తిరగేసి, "డిగ్రీ అయ్యాక ఇన్నేళ్ళూ ఏం చేశారు?" అని అడిగింది.

"కంటికి కనబడినవన్నీ చేశానండీ," అన్నాను. ఎందుకో ఆవిడ పడీపడీ నవ్వింది. సోమవారం నుంచి రమ్మంది.

ఆ కబురు మోసుకుని ఒంటిగంటకు ఇల్లు చేరాను. ఇల్లంతా ఫినాయిల్ వాసన. సోఫాలో మావారు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, యుద్ధం గెలిచిన సేనాపతిలా వెనక్కి వాలి ఉన్నారు. ప్లంబర్ సాయంత్రం దాకా రానన్నాడట. గత్యంతరం లేక, కర్రకు రబ్బరు గిన్నె ఉండే పనిముట్టుతో ఆయనే దిగారట. గొట్టంలోంచి ఒక దువ్వెన బయటపడింది. "నా దువ్వెన ఎక్కడ పెట్టావ్?" అని పది రోజులుగా ఆయన నన్ను నిలదీస్తున్న దువ్వెన!

ఆ ముక్క తప్ప మిగతాదంతా అత్తగారు చుట్టాలకు ఫోన్లో చెబుతున్నారు. "ఒక్కడే తుడిచాడమ్మా! ఒక్కడే!" మధ్యాహ్నం చీలమండ లోతున్న నీళ్ళు, సాయంత్రం ఫోన్లకు మోకాలి లోతయ్యాయి. ఆడపడుచు నాకు ప్రత్యేకంగా ఫోన్ చేసింది. "అదృష్టవంతురాలివి వదినా! మా ఆయనైతే చచ్చినా ముట్టుకోడు." నా ఇంటర్వ్యూ ఏమైందని ఆ రోజు అడిగింది ఒక్క కూతురే. అదీ రాత్రి, పడుకోబోయే ముందు.

పద్దెనిమిదేళ్ళలో ఆ కమోడ్ ఎన్నిసార్లు పొంగిందో నాకు గుర్తు లేదు. నేను తుడిచిన రోజున ఏ చుట్టమూ ఫోన్ చెయ్యలేదు. బకెట్ బోర్లించి, స్నానం చేసి, పొయ్యి వెలిగించేదాన్ని, అంతే. నేను చేస్తే అది మామూలు మంగళవారం. ఆయన చేస్తే చరిత్ర!

అందుకే మళ్ళీ చెబుతున్నాను, పొంగాలి. ప్రతి ఇంట్లోనూ, ఇంటావిడకు బయట పని ఉన్న రోజున పొంగాలి.

ఇంకొక్క మాట, మీకు మాత్రమే. పేపర్లో మా అత్తగారు చదివేది రాశిఫలాలు, మావారు ఆటల పేజీ, కూతురు అసలు పేపరే ముట్టదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఆ రోజు అందరికన్నా ముందు, ఆరింటికి, బాత్రూంలోకి వెళ్ళింది నేనే. నీళ్ళు అంచుకు వేలెడు కిందకు వచ్చి ఆగి ఉన్నాయి. చెయ్యి అలవాటుగా మూలనున్న రబ్బరు గిన్నె మీదకు వెళ్ళింది. ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాను.

తర్వాత తలుపు మెల్లగా దగ్గరకు వేసి, వెళ్ళి నా బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను.