మసిజల్లెడ దీపంపై నాగరత్నమ్మ దండయాత్ర

ఓ చిత్తూరు పురజనులారా! మీ హారన్లను ఒక్క గడియ ఆపి వినుడు. విరోధి నామ సంవత్సర కార్తీకమాసమున, అనగా క్రీస్తుశకము రెండువేల తొమ్మిదిలో, ఒకానొక సోమవారము ప్రొద్దుట, నీరు దక్క తక్కినవన్నియు ప్రవహించు నీవానదికి అనతిదూరమున, వేలూరు బస్సులును బెంగళూరు బస్సులును ఒండొంటిపై ధూమబాణములు విడుచుకొను రహదారి ప్రక్కన, ఒక రేకులషెడ్డు ముంగిట జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. రాజ్యములకై జరిగిన యుద్ధములను పాడుటకు వేరే కవులు కలరు. వారికి శాలువలును కలవు. ఇది ఒక కారులో, స్టీరింగు వెనుక, మీటర్ల నడుమ వెలుగు పసుపుపచ్చని దీపము నార్పుటకై జరిగిన యుద్ధము.

ఆ షెడ్డునకు ఏలిక నాగరత్నమ్మ. డైనమోదర్పదళని, సెల్ఫ్‌మోటారుసంజీవని, మూగవోయిన హారన్లకు వాక్కు ప్రసాదించు తల్లి. పదునాలుగవ యేట తండ్రికడ వైరింగు విద్య నేర్చి, ముప్పదియెనిమిదేండ్లుగా ఆటోలకును లారీలకును ట్రాక్టర్లకును కరెంటు చికిత్స చేయుచున్న ఆ ధీరను చూచి, బ్యాటరీలో ఏది ప్లస్సో ఏది మైనస్సో ఎరుగని పురుషపుంగవులు సైతము, "మీ ఇంటాయన లేడామ్మా?" అని అడుగుట కద్దు.

"ఉండాడు. ఇంట్లో పప్పుకు తాలింపు పెడతా ఉండాడు. పిలవల్నా?" అని ఆమె బదులిచ్చును. వారు తల దించుకొని బానెట్టు ఎత్తుదురు.

అట్టి షెడ్డు ముందునకు ఆనాడు, సముద్రములు దాటి వచ్చిన ఒక నల్లని డీజిల్ కారు, ఎద్దులబండ్లు సిగ్గుపడు వేగముతో పాకుచు వచ్చి ఆగెను. వెనుక సీటులో నడుము వాల్చియున్నవాడు వరదయ్య: మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి అధిపతి, తోతాపురి సార్వభౌముడు, జిల్లాలో మరెవ్వరికిని లేని కారు తనకు కలదని జిల్లాలో అందరికిని చెప్పినవాడు. ఆయన ప్రక్కన ఒడిలో ల్యాపుటాపు నుంచుకొని కూర్చున్నవాడు సుకుమార్, కారు అమ్మిన షోరూమువారు మద్రాసునుండి పంపిన ఇంజనీరు. స్టీరింగు పట్టినవాడు గోవిందు, నాగరత్నమ్మకు తమ్ముడు.

"ఏం గోవిందూ, బండి ఈడ ఆపినావు? మద్రాసుకు గదా పొమ్మంటి," అని వరదయ్య గర్జించెను.

గోవిందు దిగి, చేతులు కట్టుకొని నిలిచెను. "పంతొమ్మిదేండ్లు మీ స్టీరింగు పట్టుకున్నాను సామీ. డీజిల్ అమ్ముకోని కిరోసిన్ పోసినానని నిన్న అందరి ముందరా అంటిరి. ఈ బండి మద్రాసులో దించేసి ఇంటికి పొమ్మంటిరి. పోతాను. పోయే ముందర మా అక్కను ఒక్కసారి సూడనీండి."

ఎదుటి టీ అంగడిలో గ్లాసులు గాలిలోనే నిలిచెను. నాగరత్నమ్మ తమ్ముని మొగము చూచెను. ఆ మొగమున నిదుర లేదు. స్క్రూడ్రైవరు చేపట్టి, పోయి బానెట్టు ఎత్తెను.

అంతట సుకుమార్ కారు దిగి, ఇస్త్రీ చెదరని చొక్కాను సవరించుకొని, పామరలోకమును ఉద్ధరించు జాలితో ఇట్లు ఉపన్యసించెను: "చూడండి మేడమ్, ఇది మీరు చూసే లారీ సైలెన్సర్ కాదు. పొగగొట్టంలో ఒక ఫిల్టర్ ఉంటుంది. డీజిల్ పొగలోని మసిని జల్లెడలా పట్టేస్తుంది. ఫిల్టరుకు ముందు పొగ ఒత్తిడెంత, తర్వాత ఎంత అని ఒక సెన్సార్ కొలుస్తుంది. తేడా పెరిగిందంటే ఫిల్టర్ మూసుకుపోయిందని అర్థం. అప్పుడు దీపం వెలుగుతుంది, ఇంజను తన శక్తి తనే తగ్గించుకుంటుంది. మా కంప్యూటర్ ప్రకారం తేడా విపరీతం. ఏడాది తిరగని బండిలో ఫిల్టర్ ఇలా మూసుకుపోయిందంటే కల్తీ డీజిలే కారణం. కొత్త ఫిల్టర్ విదేశం నుంచి రావాలి. కంప్యూటర్ అబద్ధం చెప్పదు."

"మనుషులే సెప్తారు," అని వరదయ్య గోవిందువైపు చూచి తోడు పలికెను.

ఉపన్యాసము ముగియువరకు నాగరత్నమ్మ బానెట్టు లోపలికి వంగియుండి, ఆ సెన్సారును కనుగొనెను. అగ్గిపెట్టె పాటి నల్లని డబ్బి; దానికి క్రింద రెండు రబ్బరు పైపులు, ప్రక్కన మూడు వైర్ల ప్లగ్గు. ఇట్టిది ఆమె మున్నెన్నడు చూచి యెరుగదు. అయినను వైరు వైరే గదా!

"రేయ్ గోవిందూ, ఇంజను ఆపు. తాళం మాత్రం తిప్పి పెట్టు." ఇంజను ఆగెను. ఆమె తల యెత్తెను. "సూడప్పా, ఇప్పుడెంత సూపిస్తా ఉండాది నీ పెట్టె?"

"నూట నలభై. చెప్పాను కదా, విపరీతమని."

"ఇంజను ఆగిపోయినాక పొగ యాడిదప్పా?"

సుకుమార్ ల్యాపుటాపు తెరను తుడిచి మరల చూచెను.

"పొగే లేనప్పుడు ముందరేం తోస్తాది, ఎనకేం తోస్తాది? రెండు పక్కలా ఉండేది ఉత్త గాలే గదా. సున్న రావల్ల."

ఆహా! ఎట్టి ప్రశ్న! శీతల సభాభవనములలో నాలుగేండ్లు కూర్చుండి, నెక్‌టై కట్టి, పట్టా పుచ్చుకొని, ఆ పెట్టెను భుజమున మోయుటకే మరి రెండేండ్ల శిక్షణ పొందిన ఆ విద్యాపారంగతుడు, ఇంజను ఆపి ఒకమారు చూతమని తలపనే లేదు. అయినను యోధుడు ఊరక లొంగునా? "పైపుల్లో మసి అడ్డుపడి ఒత్తిడి లోపలే నిలిచిపోయి ఉండొచ్చు," అని రెండవ బాణము సంధించెను.

నాగరత్నమ్మ మారు పలుకక రెండు రబ్బరు పైపులను సెన్సారునుండి ఊడబెరికెను. "ఇప్పుడెంత?"

"నూట... నలభై."

"ఇప్పుడు నీ సెన్సారు కొలిసేది మా షెడ్డు గాలి. మా గాలికే అంత ఒత్తిడి ఉంటే ఈ రేకులు ఎగిరిపొయ్యి కాణిపాకంలో పడుండవా?"

టీ అంగడి ఘొల్లుమనెను. వరదయ్య, నవ్వుచున్నది తననో ఇంజనీరునో తెలియక, ఇద్దరికిని కలిపి కోపము తెచ్చుకొనెను. సుకుమార్ చెమట తుడుచుకొని, "అయితే సెన్సారే చెడిపోయింది. అదీ విదేశం నుంచే..." అని మూడవ బాణము తీయుచుండగనే, ఆమె ప్లాస్టరు చుట్టిన తన మల్టీమీటరును చేపట్టెను.

మూడు వైర్లు. ఒకటి కరెంటు తెచ్చునది, ఒకటి లెక్క చెప్పునది, ఒకటి కరెంటు తిరిగి పోవు ఎర్తు. కరెంటు సరిగనే యుండెను. ఎర్తు దగ్గర మీటరు ముల్లు తడబడెను; ఎర్తు సరిగా అందని సెన్సారు, పొగ లేకున్నను పెద్ద అంకెనే చెప్పును. ఆమె ప్లగ్గు లాగి, వెలుతురులో త్రిప్పి చూచి, కనుబొమలు ముడిచెను. ఎర్తు పిన్ను నిండ చిలుము పట్టి పచ్చబారియుండెను. నీరు చొరకుండ అమర్చిన రబ్బరు వలయము ప్రక్కకు తొలగి, దాని సందున గోధుమరంగు పోగొకటి ఇరుక్కొనియుండెను. దానిని సూదితో తీసి అరచేత నుంచుకొని, ఆమె సార్వభౌముని సమక్షమునకు నడచెను.

"ఇది టెంకాయ పీచు. ఇంజనులోకి టెంకాయ ఎట్లొచ్చెరా గోవిందూ?"

గోవిందు నేల చూచెను. యజమానుని పరువు ఒకప్రక్క, తన పరువు ఒకప్రక్క తూగెను. అక్క మరల అడిగిన పిదప మెల్లగా పలికెను. "ఆయుధపూజ రోజు సామే కొట్టినారు. నేను టైరు కాడ కొడదామంటి. ఇంత పెద్ద బండికి టైరు కాడ కొట్టేదేందిరా అని, బానెట్టు తీపించి ఇంజను మీదనే కొట్టినారు. నీళ్ళు గూడా దాంట్లోనే పోసినారు."

వేలూరు బస్సు సైతము హారన్ మరచెను. కల్తీ డీజిలు ఎక్కడిది? ఆ మహాయంత్రమును పడగొట్టినది సార్వభౌముని స్వహస్తమునుండి జాలువారిన టెంకాయ నీరు! జిల్లా మెచ్చుటకై చేసిన భక్తి, ఎర్తు పిన్నులో చిలుమై నిలిచెను.

నాగరత్నమ్మ పాత పళ్ళబ్రష్షును పెట్రోలులో ముంచి పిన్నును రుద్ది, గాలి ఊది, రబ్బరు వలయమును సరిగా కూర్చి, ప్లగ్గు బిగించెను. "ఇప్పుడు?"

"సున్న," అని సుకుమార్ గొణిగెను.

పైపులు మరల తొడిగి ఇంజను స్టార్టు చేయగా, అంకె ఆరు చూపెను. యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కగా నలభై దాటి, వదలగా మరల ఆరునకు దిగెను. జల్లెడ ఆరోగ్యముగా శ్వాసించుచుండెను! అంతట సుకుమార్, తప్పుల జాబితాను చెరపు మీటను ఒక వ్రేలితో నొక్కెను. దీపము ఆరెను. ఆ ఒక్క వ్రేలి పరాక్రమమును అతడు తన రిపోర్టులో "మా నిపుణుల చేత పరిష్కరించబడినది" అని వర్ణించెనని పిదప తెలియవచ్చెను.

వరదయ్య ఏమియు జరుగనట్లు వెనుక సీటున ఆసీనుడై, "సరే, మద్రాసు వద్దులే. ఫ్యాక్టరీకి పోనీ గోవిందూ," అని ఆజ్ఞాపించెను.

నాగరత్నమ్మ బానెట్టుపై అరచేయి ఆన్చి నిలిచెను. "అయ్యా, అందరి ముందరా వాన్ని దొంగంటివి. అందరి ముందరా కాదని సెప్పిపో."

సార్వభౌముడు కిటికీ అద్దము నెక్కించెను, ఆమె కదలలేదు. అద్దము దించెను. "డీజిల్ మంచిదే," అనెను.

"డీజిల్ సంగతి నాకు తెల్సు. నేనడిగేది మా తమ్ముని సంగతి."

గొంతు సవరించుకొనుట రెండుమారులు జరిగెను. వక్కపొడి ఉమియుట ఒకమారు జరిగెను. పిమ్మట ఆ మహనీయుడు ఎదుటి సీటు వెనుకభాగముతో పలుకుచున్నట్లు, "గోవిందు మంచోడే లే," అనెను.

నాగరత్నమ్మ చేయి తీసెను. గోవిందు కన్నులు తుడుచుకొని స్టీరింగు పట్టెను.

జయము! జయము! నాలుగు దిక్కుల వారును వినుడు! కోటలు కూలలేదు, కిరీటములు దొర్లలేదు. పంతొమ్మిదేండ్ల కొలువునకు బహుమానముగా, ఒక మామిడిగుజ్జు మహారాజు నోట, పట్టపగలు, టీ అంగడి సాక్షిగా, మూడు మాటలు జయింపబడెను. వానిలో ఒకటి "లే".