కోబుస్ పట్టాలు దాటిన శనివారం

కోబుస్ తన ఇంటి గుమ్మం ముందు నిలబడి జేబురుమాలుతో మోకాలి బురద తుడుచుకుంటున్నాడు. తుడిచేకొద్దీ అది ప్యాంటు మీద ఇంకాస్త పరుచుకుంటోంది. మోకాలి దగ్గర మొదలైన బురద తొడదాకా వచ్చేసింది.

లోపల ఫెన్నా కాఫీ కాస్తోంది. పడిన సంగతి ఆమెకు తెలియకూడదు. అదీ అతని పథకం. అందులో అంతకు మించి ఏమీ లేదు.

బురద అంటని పక్క భార్యకు కనపడేలా, ఎండ్రకాయలా అడ్డంగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఫెన్నా కాఫీ పోసింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి తాను ఒకటి తీసుకుంది. టప్పున మూత పెట్టేసింది.

హాలెండు దేశపు హేగ్ పట్నంలో కాఫీకి మనిషికి ఒకే ఒక్క బిస్కెట్టు. రెండోది ఏ ఇంట్లోనూ ఇవ్వరు. కానీ మొదటిది కూడా ఇవ్వలేదంటే ఆ ఇంట్లో ఏదో తెలిసిపోయిందన్నమాట.

"మళ్ళీ పట్టాలేనా?" అంది ఫెన్నా.

"ఏ పట్టాలు?"

"ట్రాము పట్టాలు."

"అబ్బే. కుక్క అడ్డమొచ్చింది."

"ఎంత కుక్క?"

కోబుస్ చేత్తో బల్లంత ఎత్తు చూపించాడు. ఆమె చూపు చూసి చెయ్యి కాస్త దించాడు.

"ఆ కుక్కే నీ కోటు వీపు మీద అంత పొడుగు గ్రీజు గీత గీసిందా?"

వీపు సంగతి పథకంలో లేదు.

కోబుస్ పేము కుర్చీలు అల్లేవాడు. చిరిగిన కుర్చీని ఇంటికి తెచ్చుకోవడం, అల్లడం, మళ్ళీ సైకిలు వెనక కట్టుకుని ఎవరిది వాళ్ళకి అప్పజెప్పడం. ఆ రోజుల్లో ఊళ్ళో సైకిలు మీద కుర్చీ పోతోందంటే దాని ముందు కోబుస్ ఉన్నాడన్నమాటే. సైకిలు వాళ్ళ నాన్నది. నల్లటి ఇనుప సైకిలు. దాన్ని ఎత్తాలంటే ఇద్దరు కావాలి, ఆపాలంటే దేవుడు కావాలి.

ఊరంతా ట్రాము పట్టాలు. ఎండలో అవి పెద్దమనుషులు, ఎవర్నీ ఏమీ అనవు. నాలుగు చినుకులు పడ్డాయా, వెన్న రాసిన కత్తులే. పట్టాని సూటిగా, అడ్డంగా దాటితే సరే. కాస్త ఏటవాలుగా వెళ్ళావా, ముందు చక్రం గాడిలో దిగిపోతుంది. అది ట్రాము వెళ్ళే చోటికే వెళ్తుంది, నువ్వు మాత్రం నేలకి వెళ్తావు. ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. కోబుస్‌కీ తెలుసు. తెలిసీ ఆ శరత్కాలంలో పడుతూనే ఉన్నాడు.

అప్పుడే ముక్కు బారెంట్ తలుపు తోసుకుని వచ్చాడు. పక్కింటివాడు. మనిషి రావడానికి ముందు ముక్కు వచ్చేది, అందుకా పేరు.

"వదినా, చూశావా! మావాడికి దెబ్బలేం తగల్లేదు కదా? చర్చి మలుపులో పడ్డాడు. కుర్చీ మటుకు నాలుగు కాళ్ళ మీద పట్టాల మధ్య దిగింది, దర్జాగా! వెనకాలే ట్రాము. గంట కొట్టీ కొట్టీ చివరికి కండక్టరు దిగి, 'అయ్యా, సొంత కుర్చీ అక్కర్లేదు, లోపల సీట్లు ఖాళీగానే ఉన్నాయి' అన్నాడు."

కోబుస్ కాఫీ కప్పులోకి చూశాడు. అందులో దాక్కోడానికి చోటు లేదు.

"కుక్క ఏమైంది?" అంది ఫెన్నా బారెంట్‌ని.

"ఏ కుక్క?"

"అదేలే."

ఆ సాయంత్రమే ఫెన్నా తీర్పు వచ్చేసింది. శనివారం మధ్యాహ్నం ఫెన్నా తమ్ముడు సీట్సే వచ్చి సైకిలు పట్టుకుపోతాడు. వాళ్ళ పల్లెలో పట్టాలూ లేవు, ట్రాములూ లేవు. ఆవులే. సోమవారం నుంచి కోబుస్ ట్రాములో తిరుగుతాడు.

"కుర్చీతోనా?"

"కుర్చీతోనే."

"కండక్టరు టికెట్ అడుగుతాడే దానికి!"

"అడిగితే దాని మీద కూర్చో. అప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే."

ఆ సైకిలు మీదే కోబుస్ పెళ్ళికి వెళ్ళాడు. యుద్ధకాలంలో సైనికులు ఊళ్ళో సైకిళ్ళన్నీ లాక్కుపోతుంటే, దాన్ని ఎవరికీ చిక్కకుండా పరుపు కింద పెట్టి, దాని మీదే పడుకున్నాడు. అంత కష్టపడి దాచుకున్నది ఆవుల పాలు చేస్తానంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది?

"పెళ్ళికి ముందు నిన్ను సముద్రం దాకా తీసుకెళ్ళేవాణ్ణి. దారి పొడుగునా పట్టాలు. ఒక్కసారి పడ్డానా?"

"లేదు," అంది ఫెన్నా. చిన్నగా నవ్వింది.

అది మెచ్చుకోలు నవ్వనుకుని కోబుస్ రెచ్చిపోయాడు. "ఇప్పుడూ పడను! నీ కళ్ళముందు, వానలో, పట్టాలు దాటి చూపిస్తా. దాటితే సైకిలు నాది. పడితే మీ తమ్ముడిది."

"ఎక్కడ దాటుతావు?"

"బీరు బట్టీ వీధిలో."

"అక్కడా?" ఫెన్నా అతని ముఖంకేసి చాలాసేపు చూసింది. "అక్కడ పట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి కదయ్యా."

"ఊళ్ళో అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. కావాలనే ఎంచుకున్నా."

"సరే. శనివారం."

ఆ రాత్రి కోబుస్ పక్కమీద పడుకుని చీకట్లో నవ్వుకున్నాడు. బీరు బట్టీ వీధి లైనులో ట్రాము తిరగడం మానేసి ఎంతకాలమో అయింది. పట్టాలు పీకేసే తీరిక ఎవరికీ లేక అలాగే వదిలేశారు. గాడుల్లో మట్టి నిండింది, మట్టిలో గడ్డి మొలిచింది. ఇనుము తుప్పుపట్టి గరుకెక్కింది. దాని మీద గుడ్డివాడు కూడా తొక్కుతాడు. ఫెన్నా బజారుకి అటువైపు వెళ్ళదు. ఆమెకెలా తెలుస్తుంది?

శనివారం వాన పడుతుందా అన్న అనుమానం ఎవరికీ లేదు. పడింది.

కోబుస్ మీసం దువ్వుకుని, సైకిలు గొలుసుకి నూనె పెట్టి, బీరు బట్టీ వీధికి వెళ్ళాడు. వీధి పొడుగునా గొడుగులు. ముక్కు బారెంట్ వచ్చాడు. కసాయి కొట్టతను వచ్చాడు. ఎదురింటి జల్లెడ ఆన్చే వచ్చింది. ఆవిడకి చెప్పిన మాట ఆవిడ దగ్గర నిలిచిన పాపాన పోలేదు, అందుకే ఊరు పెట్టిన పేరది. అందరూ పెదాలు బిగబట్టుకుని ఉన్నారు. తన ప్రాణం గురించి భయపడుతున్నారనుకున్నాడు కోబుస్.

"జాగ్రత్త కోబుస్!" అన్నాడు బారెంట్. ఎందుకో దగ్గు వచ్చి పక్కకి తిరిగిపోయాడు.

"ఆ పట్టాల మధ్య గడ్డేమిటి?" అంది ఫెన్నా గొడుగు కింద నుంచి.

"వానలు కదా. మొలుస్తుంది."

"ట్రాము స్టాపులో బోర్డు లేదేమిటి?"

"రంగు వేయడానికి పట్టుకెళ్ళుంటారు."

ఇంకో ప్రశ్న రాకముందే కోబుస్ సైకిలెక్కాడు. పట్టాలు అడ్డంగా దాటాడు. ఏటవాలుగా దాటాడు. ఒంటిచేత్తో దాటాడు. టోపీ తీసి ఊపుతూ దాటాడు. చివరికి సరిగ్గా పట్టా మీదే వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. గొడుగుల కింద చప్పట్లు మోగాయి. ఇంతకాలానికి మళ్ళీ పాతికేళ్ళవాడయ్యాడు కోబుస్.

"బాగుంది," అంది ఫెన్నా. "పందెం నువ్వే గెలిచావు. వాన పెద్దదవుతోంది, ఇంటికి నేను ట్రాములో వెళ్తాను. నువ్వు కూడా తోడుగా నిలబడు, వచ్చేదాకా."

కోబుస్ సైకిలు తోసుకుంటూ ఆమె వెనకే నడిచాడు.

బోర్డు లేని స్టాపులో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నిలబడ్డారు. ఊరు ఊరంతా వాళ్ళ వెనక నిలబడింది. వాన కురుస్తోంది. ట్రాము రాలేదు.

"నడిచి వెళ్దామా?" అన్నాడు కోబుస్.

"ఎందుకు? ఇదిగో వచ్చేస్తుంది."

టోపీ అంచు నుంచి నీళ్ళు కోబుస్ మెడలోకి దిగాయి. మెడలోంచి వీపు మీదికి, వీపు మీంచి ఇంకా కిందికి. అతను వీధి చివరకి చూశాడు. అటు నుంచి ఒక పిల్లి వచ్చింది. పట్టాల మధ్య కూర్చుని, తీరిగ్గా మూతి కడుక్కుంది.

"ఎక్కడైనా ఆగిపోయిందేమో," అన్నాడు కోబుస్.

"ఆలస్యమే అయినట్టుంది," అన్నాడు బారెంట్ గంభీరంగా.

జల్లెడ ఆన్చే అప్పటిదాకా ఎలా ఆగిందో ఆగింది. ఇక ఆవిడ వల్ల కాలేదు. "ఎంత, రెండేళ్ళేగా!" అనేసింది.

వీధి వీధంతా పగలబడి నవ్వింది. గొడుగులు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి.

కోబుస్ ఫెన్నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఆఖరి ట్రాము ఎక్కింది ఎవరనుకున్నావు? నేనూ, ఈ ఆన్చే కూడా. డ్రైవరు ప్రతి మలుపులోనూ ఆగి గంట కొట్టాడు. అరుగుల మీద మగాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో ట్రాము ముందర కాగితం పూలదండ కట్టారు. మా అమ్మ చేపల బుట్టతో ఎక్కే ట్రాము అది. ఇంటికొచ్చి అంతా నీకు చెప్పాను. నువ్వు కుర్చీ అల్లుతూ 'ఊ' అన్నావు."

"ఊ అన్నానా?"

"రెండుసార్లు."

తన పథకం ఆమెకి రెండేళ్ళ ముందే తెలిసిపోయినట్టనిపించింది కోబుస్‌కి.

"పద," అంది ఫెన్నా. "దొంగ పందెం చెల్లదు. సీట్సే వచ్చే వేళైంది. ఆఖరిసారి తొక్కు. నేను వెనక కూర్చుంటా."

ఆ దేశంలో వెనక కూర్చునేవాళ్ళ కోసం సైకిలు ఆపరు. తొక్కేవాడు తొక్కుతూనే ఉంటాడు, ఎక్కేవాళ్ళు పక్కన పరుగెత్తి ఒక గెంతులో ఒకవైపుగా కూర్చోవాలి. కోబుస్ తొక్కాడు. వెనక అడుగులు టపటపలాడాయి. సైకిలు ఒక్కసారి కుంగి, కీచుమని లేచింది.

ఎన్నేళ్ళైంది ఆ కుదుపు తెలిసి! షెవెనింగన్ రేవులో చేపల ఇంటి పిల్ల ఫెన్నా. రేవు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం ఒకదాని మీద ఒకటి అన్ని లంగాలు కట్టి కూర్చుంటే బండి వెనక చక్రమే కనపడేది కాదు. ఉప్పుచేపల వాసన. అది సెంటనుకునేవాడు కోబుస్. సముద్రం మీంచి గాలి ఎదురు కొట్టేది, ఆమె అతని వీపు వెనక తల దాచుకుని పాట పాడేది. గాలికి పాట ముందుకి రాక వెనకే ఉండిపోయేది. ఆ పాటేమిటో అతనికి ఈనాటికీ తెలియదు.

ఆ తలపుల్లో ఉండగానే చర్చి మలుపు వచ్చేసింది.

ఇవి చచ్చిన పట్టాలు కావు. తళతళా మెరుస్తున్నాయి. వెనక ట్రాము గంట కొడుతోంది. ఎదురుగా ఇంకో ట్రాము వస్తోంది. కోబుస్ చూపు పట్టాలకే అంటుకుపోయింది. చక్రం కూడా అటే ఒరగసాగింది. హ్యాండిలు వణికింది.

కుడి డొక్కలో ఎవరో పట్టకారుతో పట్టి తిప్పినట్టయింది.

"అబ్బా!" అని కోబుస్ ఎడమకి తుళ్ళిపడ్డాడు. అతనితో పాటు హ్యాండిలూ తుళ్ళింది. చక్రం గీత గీసినట్టు సూటిగా పట్టా దాటింది. రెండోదీ దాటింది. వెంటనే ఎడమ డొక్కలో ఇంకో గిల్లు. సైకిలు మళ్ళీ రోడ్డు వెంట తిన్నగా పరుగెత్తింది. వెనక ట్రాము వెళ్ళిపోయింది.



"ఫెన్నా."

"ఊఁ."

"అప్పట్లో... సముద్రం దారిలో... గిల్లేదానివి."

"పట్టాలొచ్చినప్పుడు."

"ప్రతిసారీ పట్టాలకేనా?"

"మరి? నువ్వు రోడ్డు చూసేవాడివా? నాకేసి చూడ్డానికి మెడ వెనక్కి తిప్పుకుని తొక్కేవాడివి. నేను గిల్లి తిప్పకపోతే ఇద్దరం పెళ్ళికి ముందే పోయేవాళ్ళం."

"నేను ప్రేమనుకున్నానే."

"తెలుసు. అనుకోనీలే అని ఊరుకున్నా."

ఆ గిల్లుళ్ళకి కమిలిన మచ్చల్ని అప్పట్లో చొక్కా ఎత్తి మరీ స్నేహితులందరికీ చూపించాడు కోబుస్. వాళ్ళు కుళ్ళుకుని చచ్చారు. ఆ మాట మాత్రం ఇప్పుడు భార్యతో చెప్పలేదు.

ఇంటి ముందు సీట్సే నిలబడి ఉన్నాడు. ప్యాంటు అంచులు అప్పుడే మేజోళ్ళలోకి దోపుకుని, ఎక్కడానికి తయారుగా.

"ఏం బావా, సైకిలు తడిసినట్టుందే."

కోబుస్ హ్యాండిలు మీంచి చేతులు తీయలేదు. ఫెన్నా దిగి లంగా దులుపుకుంది. తమ్ముణ్ణి చూసింది, ఆ తడిసిన చేతుల్ని చూసింది.

"సైకిలు ఇవ్వట్లేదురా. లోపలికొచ్చి కాఫీ తాగు."

"అక్కా, మరి ఆయన పడితే?"

"పడడు. వాన పడ్డ రోజున వెనక నేనుంటా."

"మరి కుర్చీ ఎక్కడ కట్టను?" అన్నాడు కోబుస్ బిక్కమొహం వేసి.

"కట్టక్కర్లేదు. నేను పట్టుకుంటా."

ఆ తర్వాత ఊరు ఆ వింత చాలా ఏళ్ళు చూసింది. వానలో నాలుగు కాళ్ళు పైకెత్తుకుని ఒక కుర్చీ పోతూ ఉండేది. దాని కింద తల తడవకుండా ఫెన్నా. ముందు కోబుస్. పట్టాలొచ్చిన ప్రతిచోటా "అబ్బా!" అని ఒక కేక. ట్రాము డ్రైవర్లు ఆ కేక విని, వాళ్ళు దాటేదాకా బండి నెమ్మది చేసేవారు. కోబుస్ మళ్ళీ పడలేదు. తొక్కేది తానే అయినా నడిపేది తాను కాదని ఊరందరికీ తెలిసిపోయింది. ఎవరైనా ఎత్తి పొడిస్తే టోపీ సర్దుకుని ఊరుకునేవాడు.

ఒకనాడు కుర్చీ ఎవరిదో వాళ్ళకిచ్చేసి, కాలవగట్టు వెంట తిరిగొస్తున్నారు. సన్నటి జల్లు. కోబుస్ డొక్క ఒక్కసారి చురుక్కుమంది.

"అబ్బా! ఇక్కడ పట్టాలు లేవు కదే!"

"నాకు తెలీదూ?" అంది ఫెన్నా వెనక నుంచి. "ముందు చూసి తొక్కు."