బొమ్మ బయట, బొరుసు లోపల

రోమా మహాసామ్రాజ్యంలో చక్రవర్తి ముఖం వెళ్లకూడని చోటు ఒక్కటే ఉండేది. ప్రజలు వెళ్లక తప్పని చోటూ అదే. అందుకని ప్రతి మరుగుదొడ్డి గుమ్మంలోనూ ముఖగౌరవ పరిరక్షణాధికారి ఒకరు కూర్చునేవారు (కూర్చోవడానికి, లోపలివాటికంటే కాస్త నున్నటి రాయే ఇచ్చారు).

ఆ ఉదయం చెప్పులు కుట్టే నుమీసియుస్ పొట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రొట్టెలో నంజుకున్న పాత చేపల ఊట వాడి ప్రాణం తోడేస్తోంది. పిడికిట్లో ఉన్నది ఒకే ఒక్క కంచు నాణెం. లోపల కట్టాల్సిన రుసుము అది.

"ఆగవయ్యా! నాణెం చూపించు," అన్నాడు అధికారి వెట్టులేనుస్.

బొమ్మవైపు చక్రవర్తి. బొరుసువైపు అదృష్టదేవత ఫోర్తూనా.

"అమ్మవారు వెళ్లొచ్చు. లోపల గోడమీద ఆవిడ పటం ఎలాగూ ఉంది. చక్రవర్తిగారు వెళ్తే మాత్రం రాజద్రోహం."

"అయితే ఈ మెట్టుమీద పెట్టి వెళ్తానయ్యగారూ!"

"చక్రవర్తిని మరుగుదొడ్డి మెట్టుమీద పడేసి పోతావా?"

"పోనీ, మీ చేతిలో పెడతా!"

"చక్రవర్తిని నాకు లంచమిస్తావా?"

నుమీసియుస్‌కు ఏడుపొచ్చింది. "మీకు పుణ్యముంటుంది! అడ్డంగా నరికి, అమ్మవారిని ఒక్కదాన్నే తీసుకెళ్తా!"

"నరుకుతావా? ఎవర్నీ?" అని వెట్టులేనుస్ మైనపు పలకమీద రాసుకున్నాడు. పేరులో అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో నుమీసియుస్‌నే అడిగి తెలుసుకున్నాడు కూడా.

అయితే చట్టానికి దయ లేకపోలేదు. ఉదరసంకట మినహాయింపు కోరుతూ మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. సంకటం నిజమేనని ఒక సాక్షి చెప్పాలి.

"ఆ మొహం చూస్తే తెలీడంలేదుటయ్యా? సాక్షి కూడానా, నీ మొహం మండ!" అంది వెనక వరసలో ఉన్న కూరలమ్మే ఒప్పియా.

నుమీసియుస్ మూడో ప్రతి రాస్తుండగా రాజభవనం నుంచి దూత గుర్రంమీద వచ్చాడు. చక్రవర్తిని సొంత కాపలావాళ్లే పొడిచేశారట. ఇకనుంచి ఆయన ముఖం ఎక్కడ కనబడినా అవమానించడం పౌరుల విధి అట.

వెట్టులేనుస్ నింపాదిగా పలక చెరిపి, ముఖావమాన పర్యవేక్షణాధికారిగా మళ్లీ కూర్చున్నాడు. (జీతంలో మార్పు లేదు.)

"రావయ్యా నుమీసియుస్, లోపలికి నడు. నాణెం గుంటలో వేసి, దానిమీద పని కానివ్వు. కానివ్వకపోతే రాజద్రోహం."

నుమీసియుస్ గోడకు ఆనుకుని, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, అంగుళమైనా కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఇంక అవసరం లేదయ్యగారూ," అన్నాడు, తల వంచుకుని.

వెట్టులేనుస్ 'పాత చక్రవర్తి మనిషి' అని రాసుకుని, ఒప్పియాను లోపలికి పంపాడు.