ముప్పై రెండు ప్రశ్నల ఏనుగు

గజపతినగరానికి ఏడు కిలోమీటర్ల దూరంలో నివసిస్తున్న ఒక ఏనుగు నైతికంగా నివసిస్తున్నదా, అనైతికంగా నివసిస్తున్నదా అన్న సంగతి తేల్చడానికి ముగ్గురు సభ్యుల తనిఖీ సంఘం కిందటి మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం విజయనగరం నుంచి కారులో బయలుదేరింది. సంఘానికి అధ్యక్షుడు ఉమాశంకర్ గారు. కార్యదర్శి శైలజ. మూడో సభ్యులు పూర్తి నిష్పాక్షికంగా ఉండాలని నియమావళిలో ఉంది గనక ఆ స్థానంలో ఉమాశంకర్ గారి భార్య కుసుమకుమారి గారిని నియమించారు. ఆవిడకు ఏనుగుల మీద ఎలాంటి అభిప్రాయమూ లేదు. అంతకంటే నిష్పాక్షికత ఎక్కడ దొరుకుతుంది?

ఉమాశంకర్ గారు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. ముప్పై ఏళ్లపాటు పిల్లలకు కప్పను కోసి చూపించిన చేతులు ఆయనవి. రిటైరయ్యాక ఒక టూరువాళ్లతో థాయిలాండు వెళ్లి, అక్కడ ఏనుగెక్కి అరగంట తిరిగి, ఫొటో తీయించుకుని, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. ఏడాది తరవాత, ఏనుగెక్కడం దాని వెన్నుకు మంచిది కాదనీ, చదువుకున్నవాళ్లు చేయదగ్గ పని కాదనీ ఫోనులో ఒక వ్యాసం చదివారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడు ఫొటోలో ఏనుగున్న భాగం కత్తిరించి, తన భాగం మాత్రం మళ్లీ ఫ్రేములో పెట్టించారు. ఇప్పుడు వాళ్లింటికి వెళ్లినవాళ్లకు ఆయన గాల్లో కాళ్లు చాపుకుని కూర్చుని నవ్వుతున్నట్టు కనిపిస్తారు.

ఆ పశ్చాత్తాపంలోంచి పుట్టిందే ప్రాణిమిత్ర నైతిక పర్యాటక పరిశీలన సంఘం. పార్వతీపురం వైపు అడవి ఏనుగులు పొలాల్లో పడుతున్నాయని రైతులు మొత్తుకుంటున్న రోజుల్లో, మనిషి ఏనుగుతో సహజీవనం నేర్చుకోవాలని పత్రికకు ఉత్తరం రాసింది ఉమాశంకర్ గారే. ఆయన ఉండేది కంటోన్మెంటులో మూడో అంతస్తు. ఇంతవరకు ఆ అంతస్తులోకి ఏనుగు రాలేదు. వస్తే సర్దుకుంటారనడంలో సందేహం లేదు.

ఇక తనిఖీ జరగవలసిన ఏనుగు సంగతి. దేవేంద్ర అనే ఆయన కళ్యాణమండపం నడుపుతూ, పెళ్లి ఊరేగింపులకు పనికొస్తుందని, మూతపడిన ఒక సర్కసు నుంచి దీన్ని తెచ్చాడు. అక్కడ దాని పేరు మిస్ రోజీ. తరవాత ఊరి బయట తోట కొని, గదులు కట్టి, “ఏనుగు సవారీ” అని బోర్డు పెట్టాడు. విశాఖపట్నం కార్లవాళ్లు సవారీ అన్న మాట చూసి మొహం చిట్లించుకుని వెనక్కి తిరిగిపోతుండడంతో, ఆయనలో జీవకారుణ్యం మేల్కొంది. బోర్డు మార్చి “ఐరావతి ఏనుగుల శరణాలయం” అని రాయించాడు. ఉన్నది ఒకటే అయినా శరణాలయం అన్నాక బహువచనం వాడాలని పెయింటరు చెప్పాడట. మిస్ రోజీ అలా ఐరావతి అయింది. మావటి కూర్మయ్య మాత్రం దాన్ని జగ్గమ్మ అని పిలుస్తాడు. అది వాళ్లమ్మ పేరు. ఏనుగు పలికేది ఆ ఒక్క పేరుకే.

సంఘం కారు దిగగానే దేవేంద్ర ముగ్గురికీ దండలు వేసి, ప్రసంగం చేశాడు.

“ఏనుగు మన సొత్తు కాదు, మన అతిథి. అది ఇక్కడ ఉండాలనుకుంది, ఉంటోంది. మేము దాన్ని పెంచడం లేదు. అదే మమ్మల్ని సంస్కరిస్తోంది. మీ సంఘం ఇచ్చే నైతిక సర్టిఫికెట్ నేను అడగడం లేదు. ఐరావతి అడుగుతోంది.”

ఉమాశంకర్ గారు కళ్లజోడు సర్దుకుని, తాను ఆరు నెలలు శ్రమించి తయారుచేసిన ముప్పై రెండు ప్రశ్నల పత్రాన్ని అట్టకు బిగించుకున్నారు. తనిఖీ మొదలైంది.

సందర్శకులు ఏనుగుకు స్నానం చేయిస్తారా అన్నది మొదటి ప్రశ్న. చేయించరని దేవేంద్ర గట్టిగా చెప్పాడు. ఏనుగుకు ఇష్టం లేకుండా దాన్ని తాకడం తప్పని తెలిసిన రోజునే ఆ పద్ధతి రద్దు చేశారట. ఇప్పుడు ఏనుగు చెరువులో స్నానం చేస్తూ ఉంటుంది. అదే సమయానికి, అదే చెరువులో, తమ ఇష్టప్రకారం సందర్శకులు కూడా స్నానం చేస్తూ ఉంటారు. ఉమాశంకర్ గారు మార్కు వేశారు. చేత్తో మేత పెడతారా? పెట్టరు. అరటిపళ్లు ముక్కాలిపీట మీద పెట్టి అటు తిరిగి నిలబడతారు. ఏనుగు అడవిలో వెతుక్కున్నట్టే వెతుక్కుంటుంది. మార్కు. సెల్ఫీలు? నిషేధం. కాకపోతే సందర్శకుడు ఫోను పట్టుకుని నిలబడినప్పుడు అతని వెనక చెట్టుకు బెల్లంబస్తా వేలాడుతూ ఉంటుంది. ఏనుగు అక్కడికి వస్తే అది దాని స్వేచ్ఛ. మార్కు. అంకుశం ఎక్కడా కనిపించలేదు. గోడకు ఆనించి ఉన్నదానికి “మార్గదర్శక దండం” అని చీటీ అంటించి ఉంది. శైలజ వీడియో తీస్తూ, పరిభాష ఇంత సున్నితంగా ఉన్న చోటు తాను ఇంతవరకు చూడలేదని చెప్పింది. ఆమె ఇంతవరకు చూసిన చోటు ఇదొక్కటే.

అన్నిటికీ దేవేంద్రే జవాబులు చెబుతుంటే, మావటిని కూడా విచారించాలని పత్రంలో ఉన్న సంగతి కుసుమకుమారి గారు గుర్తుచేశారు. కూర్మయ్యను పిలిచారు. అరవై ఏళ్ల మనిషి, భుజాన తువ్వాలు. ఏనుగు పక్క నుంచి కదలకుండా అక్కడి నుంచే దండం పెట్టాడు.

“ఐరావతి మానసికంగా ఎలా ఉంటోంది?” అని అడిగారు ఉమాశంకర్ గారు.

“మనసు సంగతి నాకేటి తెలుస్తాది బాబూ. కింద సిమెంటు తీయించి మన్ను పొయ్యించమని ఏడాది బట్టీ సెప్తన్నాను. ఒక డాట్రుని కూడా పిలిపించమన్నాను.”

ఉమాశంకర్ గారు పత్రం మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. సిమెంటు ప్రస్తావన ఎక్కడా లేదు. “అది నిర్మాణానికి సంబంధించిన విషయం, కూర్మయ్యా. మేం చూసేది నైతికం” అని మృదువుగా చెప్పారు. ఇతర విషయాలు రాయడానికి చివర రెండు వేళ్ల జాగా ఉంది గానీ, దాంట్లో అప్పటికే “భోజనం ఏర్పాట్లు సంతృప్తికరం” అని రాసేశారు. ఆ వేళకి వంటింట్లోంచి గుత్తివంకాయ వాసన మాత్రమే వచ్చింది. ఆయన వాసన బట్టే తేల్చగలిగారు.

ఇరవై ఏడో ప్రశ్న దగ్గర చిక్కొచ్చింది. జంతువు బంధవిముక్తమై, తన దారిని తాను ఎంచుకోగలదా? ఐరావతి వెనక కాలికి గొలుసుంది. దేవేంద్ర దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు గానీ ఎంత ఆకుపచ్చగా ఉన్నా గొలుసు గొలుసులాగే ఉంది. విప్పి చూపించాలన్నారు అధ్యక్షులు.

“ఇప్పుడొద్దు బాబూ,” అన్నాడు కూర్మయ్య. “గోడవతల అసిరమ్మ సెరుకుతోటుంది. గాలి ఇటే కొడతన్నాది. ఇది పొద్దున్నించి తొండం అటే ఎత్తుతన్నాది. ఎలిపోద్ది.”

“వెళ్లడమే కదయ్యా స్వేచ్ఛ” అన్నారు ఉమాశంకర్ గారు. ఆ వాక్యం ఆయనకే నచ్చింది. శైలజ కోసం ఇంకోసారి అన్నారు.

దేవేంద్ర కళ్లతో సైగ చేయడంతో కూర్మయ్య గొలుసు విప్పాడు. ఐరావతి రెండు నిమిషాలు నమ్మలేనట్టు నిలబడింది. తరవాత బయలుదేరింది. ముక్కాలిపీటను, బెల్లంబస్తాను, చెరువును దాటింది. ప్రహరీ అని దేవేంద్ర చెప్పుకునే తడికను కూడా దాటింది. అది దాటాక తడిక లేదు. కూర్మయ్య అంకుశం కోసం చెయ్యి చాపితే, అది అనైతికమని ఉమాశంకర్ గారు దాన్ని వెనక దాచుకున్నారు.

తనిఖీ అలా చెరకుతోటలో కొనసాగింది. ఐరావతి తొండంతో గుత్తులు గుత్తులుగా గడలు పెరికి, మట్టి దులుపుకుని, తీరిగ్గా నమలసాగింది. ఉమాశంకర్ గారి కళ్లు చెమర్చాయి. థాయిలాండు ఫొటోలోంచి కత్తెరతో తీసేసిన ఏనుగు ఇన్నాళ్లకు తనను క్షమించినట్టు అనిపించింది ఆయనకు. శైలజ “స్వేచ్ఛగా మేస్తున్న ఐరావతి” అని వ్యాఖ్యానం మొదలుపెట్టింది. తోట అవతలి గట్టు మీద కొడవలి పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడే అసిరమ్మ. వారంలో నరికి బెల్లం గానుగకు తోలవలసిన చెరకు అది.

“ఏటి బాబూ ఇది?” అంది అసిరమ్మ.

“అమ్మా, కంగారుపడకు. ఒక్కసారి ఏనుగు వైపు నుంచి ఆలోచించు” అన్నారు ఉమాశంకర్ గారు.

“దాని వైపు నుంచి ఆలోసిస్తే బాగానే ఉన్నాది. సెరుకు నాది కదేటి. మీ ఇంట్లో కూరగాయలుంటే దీన్ని అక్కడికి తోలుకెళ్లండి, నాను కూడా వచ్చి ఆలోసిస్తాను.”

ఉమాశంకర్ గారు ఆవిడకు సహజీవనం గురించి వివరించబోయారు. పత్రికకు రాసిన ఉత్తరంలో మూడో పేరా దాకా వచ్చారు. అసిరమ్మ వినడం లేదు. కొడవలి కింద పెట్టి, వంగి, ఏనుగు కాళ్ల కేసి చూస్తోంది.

“కూర్మయ్య బావా, ఇది ఎడమ ముంగాలు మోపట్నేదు. సూసినావా?”

“సూసినాను. గోరు కింద సీము పట్టీసింది. సిమెంటు మీద నిలబడి నిలబడి. ఏడాది బట్టీ సెప్తన్నాను.”

“మరి వీళ్లెవరు?”

“దాన్ని సూడ్డానికి వచ్చినోళ్లు.”

అసిరమ్మ ముగ్గుర్నీ ఒకసారి చూసింది. సంఘం అప్పటికి నాలుగు గంటలుగా ఆ ఏనుగును పరిశీలిస్తోంది. మొహంలో సంతోషం ఉందా, చూపులో దిగులుందా, చెవులు ఊపడంలో ఆత్మగౌరవం ఉందా అని నమోదు చేసింది. కాళ్ల దాకా ఎవరూ రాలేదు. పత్రం పై నుంచి కిందికి వెళ్తుంది, మధ్యలో భోజనం వేళయింది.

కూర్మయ్య గట్టు మీద చతికిలబడి, “జగ్గమ్మా, సాలు. రా” అన్నాడు. గొంతు పెంచలేదు. ఏనుగు నోట్లో గడ నోట్లో ఉండగానే వచ్చి అతని ముందు నిలబడి, ఆ ఎడమకాలు కొంచెం ఎత్తి పట్టుకుంది. అసిరమ్మ తన బోరు మోటారు వేసి, నీళ్లు పారించి, దమ్ము చేసిన మడిలాంటి బురద జాగాలోకి వాళ్లను నడిపించింది. మెత్తటి బురదలో కాలు దిగబడగానే ఐరావతి ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. కుసుమకుమారి గారు చెప్పులు గట్టున వదిలి తానూ బురదలోకి దిగి, కూర్మయ్యకు చెంబుతో నీళ్లందించారు. నిష్పాక్షిక సభ్యురాలు అలా ఒక పక్షం వహించడం నియమాలకు విరుద్ధమని ఉమాశంకర్ గారికి తోచింది గానీ, ఆయన పెన్ను తీసి, పత్రం అంచున “కాలు” అని రాశారు. ఏ ప్రశ్నకు ఎదురుగా రాయాలో తోచక కాసేపు చూసి, అక్షరాలు చిన్నవిగా ఉండడంతో ఊరుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కుసుమకుమారి గారు అడిగారు, “ఆ కాలికి మందు ఎవరు వేయిస్తారు?”

“అది పశువైద్యం, కుసుమా. మన పరిధి వేరు.”

“మన పరిధిలో ఏముంది?”

“మనం చూసి రావడం మంచిదా కాదా అన్నది.”

ఆవిడ చీర అంచున ఎండిన బురదను విజయనగరం దాకా గోటితో గీకుతూ కూర్చున్నారు.

ఫలితాలు పది రోజుల్లో వెలువడ్డాయి. శరణాలయానికి ముప్పై రెండుకు ముప్పై ఒక్క మార్కులతో “అత్యుత్తమ నైతిక” శ్రేణి లభించింది. తగ్గిన ఒక్క మార్కు కూర్మయ్యది. అతను అనుమతి లేకుండా జంతువును పదేపదే తాకుతున్నట్టూ, దాన్ని వేరే పేరుతో పిలిచి మానసికంగా ప్రభావితం చేస్తున్నట్టూ సంఘం బాధతో గమనించింది. అతన్ని ఇరవై అడుగుల దూరంలో ఉంచాలని సిఫార్సు చేసింది. కుసుమకుమారి గారు నివేదిక మీద సంతకం పెట్టనన్నారు. మూడింట రెండు సంతకాలు చాలునని నియమావళిలో ఉండడం అదృష్టం.

సిఫార్సును దేవేంద్ర ఆ రోజే అమలు చేశాడు. కూర్మయ్య ఇరవై అడుగుల అవతల కూర్చున్నాడు. ఐరావతి మేత ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. మూడో రోజున దేవేంద్ర ఆ ఇరవై అడుగుల నియమం సందర్శన వేళలకే వర్తిస్తుందని సవరణ చేశాడు. కాబట్టి ఇప్పుడు పొద్దుపొడుపు నుంచి తొమ్మిది దాకా, నైతికత ఇంకా తెరవని సమయంలో, కూర్మయ్య ఏనుగును అసిరమ్మ బురదమడికి తోలుకెళ్తాడు. అసిరమ్మ వేపనూనె కాచి ఉంచుతుంది. ఆదివారాలు విజయనగరం నుంచి మొదటి బస్సుకు ఒకావిడ పశువుల డాక్టరును వెంటపెట్టుకుని వస్తుంది. గోరు కింద కొత్త చర్మం వస్తోందని చెబుతున్నారు. పోయిన చెరకుకు గాను అసిరమ్మకు శరణాలయంలోకి జీవితకాలం ఉచిత ప్రవేశం కల్పించారు. ఆవిడ ఆ ప్లాస్టిక్ కార్డును కొట్టంలో గడపకు చెదలు పట్టకుండా అడ్డం పెట్టింది.

తొమ్మిదింటికి గేటు తెరుస్తారు. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి గేటుకే తగిలించారు. ఈ వేసవికి గదులన్నీ నిండిపోయాయట. ఫోను చేసేవాళ్లందరూ, మీలాంటి వివేకవంతులే, మొట్టమొదట అడిగే ప్రశ్న ఇక్కడ ఏనుగును నైతికంగా చూసుకుంటారా అని. చూసుకుంటాం, సర్టిఫికెట్ ఉంది అంటాడు దేవేంద్ర. రెండో ప్రశ్న గదికి ఏసీ ఉందా అని. ఉంది అంటాడు.

మూడో ప్రశ్న అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.