ముగ్గురు కలిసి తలుపు తట్టిన ఉదయం

ఆ ఉదయం మెన్‌బెరె వేసుకున్న పథకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. ఊరి చివర కొతెబె పేటలో ఉన్న జెరిహున్ ఇంటికి వెళ్ళాలి. అతణ్ణి నిద్ర లేపాలి. అతణ్ణీ, అతని లాప్‌టాప్‌నూ కారెక్కించుకుని మధ్యాహ్నంలోగా సంస్థకు చేరాలి. మిగిలినది ముక్కు చూసుకుంటుంది.

ముక్కు అంటే ఒక పెట్టె. ఇంజెరా రొట్టెల పిండిని పులియబెట్టే తేటనీటిని వాసన చూసి, రేపు కాల్చబోయే రొట్టె మీద కళ్ళు, అంటే చిన్న చిన్న రంధ్రాలు, బాగా విచ్చుకుంటాయో లేదో ఇవాళే చెబుతుంది. జాతీయ జీవశాస్త్ర సాంకేతిక సంస్థలో నాలుగు విభాగాలు కలిసి మూడేళ్ళుగా దాన్ని తయారు చేస్తున్నాయి. కలిసి అన్నది నివేదికల్లో వాడే మాట. నిజానికి కాఫీ వేళకు నాలుగు విభాగాలూ నాలుగు బల్లల దగ్గర కూర్చునేవి. సూక్ష్మజీవుల విభాగంలో ఉన్న డాక్టర్ గెటనెహ్ ఒక సీసా నమూనా ఇవ్వాలంటే కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ముఖం పెడతాడని కంప్యూటర్ల విభాగంలోని జెరిహున్ అనేవాడు. ప్రాణమున్నవాటిని అంకెలని పిలిచేవాడి చేతికి ఏమిచ్చినా పాపమేనని గెటనెహ్ అనేవాడు. పరికరాల విభాగానికి చెందిన లెలిసే ఇద్దరితోనూ మాట్లాడేది కాదు, పని త్వరగా అవుతుందని.

మెన్‌బెరెది పోషకాహార విభాగం. ప్రాజెక్టుకు నాయకురాలు ఆమే. మధ్యాహ్నం సమీక్షా సంఘం వస్తోంది. ముక్కు వాళ్ళ ఎదుట పనిచేస్తే ప్రాజెక్టు నిలుస్తుంది. చేయకపోతే దాన్ని నాలుగుగా చీల్చి ఎవరి వాటా వాళ్ళకు పంచేస్తారు. నిన్న సాయంత్రమే లెలిసే పరికరంలో ఆఖరి లోపాన్ని పట్టుకుంది. ఇక కావలసింది వాసనకు అర్థం చెప్పే ప్రోగ్రాం. అది జెరిహున్ లాప్‌టాప్‌లో ఉంది. కిందటి వారం గెటనెహ్‌తో తగువు పడి అతను దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఫోను కూడా కట్టేశాడు.

మెన్‌బెరెకు రాత్రి నిద్ర లేదు. గుండెలో ఎవరో చప్పట్లు కొడుతున్నట్టుంది. అంత ఉత్సాహంలో ఉన్న మనిషికి తానెలా ఉన్నదీ లోపలి నుంచే తెలుస్తుంది; ఎదుటివాళ్ళకు ఎలా కనిపిస్తున్నదీ తెలియదు. లేకపోతే ఆ తెల్లవారుజామున జెరిహున్ గేటు ముందు నిలబడ్డ తననూ, గెటనెహ్‌నూ, లెలిసేనూ చూసి ఆమే ఉలిక్కిపడి ఉండేది. చలికి ముగ్గురూ తెల్ల శాలువలు మెడదాకా కప్పుకున్నారు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. గెటనెహ్ చేతిలో గుడ్డ కట్టిన కుండ ఉంది. అందులో ఉన్నది పరీక్షకని కారులోని ముక్కుతో పాటు తెచ్చిన తేటనీరే, కాని ఆ వేళప్పుడు ఎవరింటికైనా మూత కట్టిన కుండ తీసుకుపోయేది ఒక్క సందర్భంలోనే.

జెరిహున్ పళ్ళు తోముకుంటూ తలుపు తీశాడు. ముగ్గురినీ వరసగా చూశాడు. బ్రష్షు నోట్లోనే ఆగిపోయింది.

"ముందు లోపలికి పద జెరిహున్. కూర్చో, తర్వాత చెబుతాను," అంది మెన్‌బెరె. సంతోషాన్ని అణచుకోవడంతో ఆమె గొంతు వణికింది.

ఆ ఊళ్ళో చావు కబురు ఎవరూ ఫోనులో చెప్పరు. తెలిసినవాళ్ళు కూడబలుక్కుని, పొద్దు పొడవకముందే కలిసికట్టుగా వచ్చి తలుపు తడతారు. మనిషిని కూర్చోబెడతారు. ఆ మాత్రానికే వినేవాడికి సగం అర్థమైపోతుంది. మిగిలిన సగం జెరిహున్ తనే పూరించుకున్నాడు. గెటనెహ్, లెలిసే, మెన్‌బెరె ఒకే గుమ్మంలో నిలబడటం అతను మూడేళ్ళలో చూడలేదు. వీళ్ళను ఒకచోటికి చేర్చగల శక్తి ఈ లోకంలో ఒక్కటే ఉంది. బిషోఫ్తులో ఉన్న తల్లికి నెల రోజులుగా ఒంట్లో బాగుండటం లేదు.

"అమ్మా," అని అతను గడప మీదే కూలబడి గుండెలు బాదుకున్నాడు.

మెన్‌బెరె తెల్లబోయింది. గెటనెహ్ ఆమె చెవిలో, "వీళ్ళమ్మ పోయినట్టుందమ్మా. మనం సరిగ్గా ఈ వేళే వచ్చి పడ్డాం," అన్నాడు.

"ఇప్పుడు లాప్‌టాప్ ఎలా అడుగుతాం?" అని గొణిగింది లెలిసే.

"సిగ్గుండాలి. ముందు ఏడువు," అన్నాడు గెటనెహ్.

అతను కుండ కింద పెట్టి, జెరిహున్‌ను కౌగలించుకుని, అందరికంటే గట్టిగా ఏడవసాగాడు. అతనిలో ఏదో కట్ట తెగింది. తగువు పడ్డ రోజున అన్న మాటలన్నీ గుర్తొచ్చి ఉంటాయి. "నన్ను క్షమించు తమ్ముడూ. నీ అంకెలు మంచివే," అన్నాడు.

"మీ జీవులూ మంచివే అన్నా," అన్నాడు జెరిహున్, వెక్కుతూ.

గుడి నుంచి అప్పుడే వచ్చిన జెరిహున్ భార్య ఫికిర్తె వాకిట్లో ఈ దృశ్యం చూసింది. ఆమె మరిది లారీ నడుపుతాడు. నిన్న జిబూతీ దారిలో ఉన్నాడు. ఆమె మనసు తిన్నగా ఆ దారి వెంటే పోయింది. ఒక్క కేక పెట్టి శాలువ నడుముకు బిగించుకుంది. ఆ కేకతో జెరిహున్‌కు తల్లి విషయం రూఢి అయింది. అతని ఏడుపుతో ఫికిర్తెకు మరిది విషయం రూఢి అయింది. ఎవరని అడిగినవాళ్ళు లేరు. అలాంటప్పుడు అడగడం ఎంత మోటు పనో అందరికీ తెలుసు.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పక్కింటివాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు వచ్చారు. పేటలో ఎవరు పోయినా డేరా, బల్లలు, వంటపాత్రలు పట్టుకొచ్చే ఇద్దిర్ సంఘం అరగంట తిరక్కుండా వీధికి అడ్డంగా డేరా వేసింది. ఇద్దిర్ పెద్దాయన భార్య తన ఇంట్లో పులిసిన పిండి బిందె మోయించుకొచ్చింది. ఫికిర్తె వంటింట్లోకి పోయి బిషోఫ్తులో ఉన్న మేనల్లుడికి ఫోను చేసి, "ఏమీ అడక్కురా. అత్తయ్యను కారెక్కించుకుని వచ్చెయ్. వాళ్ళబ్బాయికి కాస్త జ్వరమని చెప్పు చాలు," అంది.

మెన్‌బెరె ఆడవాళ్ళ మధ్య బల్ల మీద కూర్చుంది. తెరిచి ఉన్న తలుపులోంచి గదిలో బీరువా మీద లాప్‌టాప్ కనిపిస్తోంది. దాని మీద లేసు గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలు పెట్టారు. ఆమె దుఃఖపడటానికి నిజాయితీగా ప్రయత్నించింది. పోయిన అమ్మమ్మను తలచుకుంది. అమ్మమ్మ ముఖం వచ్చినట్టే వచ్చి, దాని స్థానంలో ముక్కు తెర మీద కదిలే పచ్చగీత వచ్చింది. ఇంత మంది ఏడుస్తూంటే తన లోపల ఒకటి గంతులేస్తోందని తెలిసి ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. ఆ అసహ్యానికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి పక్కనున్నావిడ, "ఎంత దగ్గరి మనిషో పాపం," అని మంచినీళ్ళు ఇచ్చింది.

ఇంతలో ఫోను మోగింది. సంస్థ డైరెక్టర్.

"ఎక్కడున్నావమ్మా మెన్‌బెరె? సంఘం వాళ్ళు ముందే వచ్చేశారు."

"జెరిహున్ ఇంట్లో ఉన్నాను సార్. ఇక్కడ ఏడుపులు..."

"అయ్యో. వస్తున్నాం."

"మీరు రావడం కాదు సార్, కాస్త గడువు..."

ఫోను అప్పటికే ఆగిపోయింది. కాసేపటికి సంస్థ బస్సు వీధి చివర ఆగింది. డైరెక్టర్, సమీక్షా సంఘం, నాలుగు విభాగాలు, కాపలావాళ్ళు, అందరూ దిగారు. సహోద్యోగి ఇంట చావొస్తే వెళ్ళకుండా లెక్కలు చూస్తూ కూర్చున్నారన్న పేరు తెచ్చుకోవడానికి సమీక్షా సంఘం అధ్యక్షురాలు సిద్ధంగా లేదు. డేరాలో చోటు చాలక ఏ విభాగంవాళ్ళు ఏ విభాగంవాళ్ళ పక్కన కూర్చున్నారో ఎవరూ చూసుకోలేదు.

బిషోఫ్తు కారు అప్పుడే వచ్చింది. అందులోంచి ఒక సన్నటి ముసలమ్మ దిగింది. డేరా చూసింది, జనాన్ని చూసింది, తలగుడ్డ లాగేసుకుని, "ఎవరు నాయనా? ఎవరు పోయారు?" అంటూ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. చావింట్లో ఆ ప్రశ్న మొదటిసారి అడిగిన మనిషి ఆవిడే.

జెరిహున్ తలెత్తాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వే కదమ్మా," అన్నాడు.

"నేనా?" ముసలమ్మ ఏడుపు ఆపి తన చేతులు తడుముకుంది. "నాకెవరూ చెప్పలేదే."

ఫికిర్తె పరుగున వచ్చింది. "పోయింది అత్తయ్య కాదండీ, మీ తమ్ముడు."

"వాడా? ఇందాకే ఫోన్ చేశాడు, ఆవాష్‌లో టీ తాగుతున్నాడట," అంది ముసలమ్మ.

డేరాలో ఏడుపు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగుతూ చివరిదాకా పోయింది. అందరూ జెరిహున్ వంక చూశారు. జెరిహున్ గెటనెహ్ వంక, గెటనెహ్ మెన్‌బెరె వంక చూశారు. ఇక చూడటానికి ఎవరూ మిగలక మెన్‌బెరె లేచి నిలబడింది.

"మేం లాప్‌టాప్ కోసం వచ్చాం," అంది.

ఇద్దిర్ పెద్దాయన డేరా గుంజ పట్టుకున్నాడు. "దేనికోసం?"

ఆమె చెప్పింది. మొదట తడబడినా, ముక్కు సంగతి వచ్చేసరికి ఆపుకోలేకపోయింది. రాత్రంతా గుండెలో ఉన్న చప్పట్లు నోట్లోకి వచ్చేశాయి. చేతులు తిప్పుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "మధ్యాహ్నంలోగా ప్రోగ్రాం దొరక్కపోతే మూడేళ్ళ పని పోతుంది. పోయేది అదొక్కటే. ఇంకెవరూ పోలేదు."

"ప్రోగ్రామా?" అన్నాడు జెరిహున్ ముక్కు చీదుకుంటూ. "ఉమ్మడి ఫోల్డర్లో పెట్టేశాను కదా, మొన్ననే."

"పెట్టేశావా? మరి ఫోనెందుకు కట్టేశావు?"

"నేనే తగ్గానని గెటనెహ్ అన్న ఎగతాళి చేస్తాడని."

ఆ ఫోల్డరు మూడేళ్ళ కిందట నాలుగు విభాగాలకూ కలిపి తెరిచినది. ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ వదిలేశారు. లెలిసే తన సంచిలోంచి కంప్యూటరు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది. కొంతసేపటికి, "ఉంది," అంది.

"ముక్కు కారులోనే ఉంది," అంది మెన్‌బెరె, అధ్యక్షురాలి వంక చూసి. మధ్యాహ్నం కావడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది.

ముక్కును చావుబల్ల మీదే పెట్టారు. గెటనెహ్ కుండకు కట్టిన గుడ్డ విప్పాడు. పచ్చగీత లేచింది, సాఫీగా నిలిచింది. జనం మెడలు చాచారు. సరదా పుట్టి ఎవరో ఇద్దిర్ పెద్దాయన భార్య తెచ్చిన పిండి బిందెను కూడా ముందుకు జరిపారు. గీత ఎర్రబడి కిందికి జారింది.

"ఏమంటోంది?" అంది ఆవిడ.

"పులుపు మించిందట. కళ్ళు రావట," అంది లెలిసే, ఎవరితోనూ మాట్లాడని అలవాటు వల్ల మాటను మెత్తగా చెప్పడం చేతకాక.

"చావింట్లో నా పిండికి పేరు పెడతారా?"

"చావు లేదుగా పిన్నిగారూ," అన్నాడు జెరిహున్.

ఆవిడ పెనం తెప్పించి, పంతంగా ఒక రొట్టె పోసింది. మూత తీసేసరికి రొట్టె మీద కళ్ళన్నీ మూసుకుని ఉన్నాయి. ముందుగా నవ్వినది ముసలమ్మ. డేరా అంతా ఆమెతో కలిసింది. మెన్‌బెరె గెటనెహ్‌ను పట్టుకుని ఊపేసింది. గెటనెహ్ జెరిహున్‌ను ఊపాడు.

"నీ అంకెల గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు గెటనెహ్.

"కుదరదన్నా. పేటంతా విన్నది."

అధ్యక్షురాలు కాఫీ తాగుతూ ఆ బల్లలన్నీ ఒకసారి చూసింది. నాలుగు విభాగాలు ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తింటున్నాయి. ఇన్ని సంస్థలు తిరిగినా ఇలాంటిది చూడలేదని, ప్రాజెక్టును ముక్కలు చేయడానికి తనకు చేతులు రావని చెప్పింది. కాకపోతే ఒక్క షరతు పెట్టింది: బృంద సభ్యులు ఇకమీదట తెల్లవారుజామున ఎవరింటికీ కలిసి వెళ్ళబోమని రాసివ్వాలి.

నలుగురూ కలిసి సంతకం పెట్టిన మొదటి పత్రం అదే.