కొసరు మీద నిషేధం

పేరుకు పెద్ద అడవే గానీ, దాని సంత మాత్రం ఏనుగు నడుం వాలిస్తే నిండిపోయేంత. ఆ సంతలో ఉడుత రేగుపళ్ళు అమ్మేది. కొలిచి పోశాక పైన ఇంకో గుప్పెడు కొసరు వేసేది. ఆ గుప్పెడు కోసమే అందరూ దాని దగ్గరికి వచ్చేవాళ్ళు. ఉడుత బతుకు ఆ గుప్పెట్లోనే ఉంది.

పక్కనే నక్క పెద్ద దుకాణం తెరిచింది. తోరణం కట్టింది. 'ఔత్సాహిక పారిశ్రామికవేత్త' అని మెడలో అట్ట వేలాడేసుకుంది. పళ్ళు అవే. బేరాలే లేవు.

నక్క అడవి సభకు పోయింది.

"అధ్యక్షా, పోటీ సమానంగా ఉండాలా వద్దా?"

"ఉండాలి," అంది ఏనుగు. దేనికైనా అదే మాట.

"మరి ఆ ఉడుత కొసరు వేస్తోంది. అది మాన్పించాలి. కొత్తగా వచ్చిన నాబోటి వాళ్ళకు మాత్రం ప్రోత్సాహం ఉండాలి కదా?"

"ఉండాలి."

అట్లా పాతవాళ్ళకు కొసరు నిషేధం, కొత్తవాళ్ళకు అనుమతి. కోతి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. నిన్నటిదాకా ఉడుత కొసరు తిన్న కోతే. నేనేం మరిచిపోలేదు.

మర్నాడు కుందేలు వచ్చింది. "ఏం ఉడుతక్కా, చెయ్యి బిగిసింది?"

"బిగిసింది నా చెయ్యి కాదమ్మా, సభవాళ్ళది."

కుందేలు బుట్ట తిప్పుకుని పోయింది. దాని వెనకే మిగతావాళ్ళూ.

నక్క ఇంకా రెచ్చిపోయి, "మా దగ్గర కొసరు ముందు, కొనడం తర్వాత" అని చాటింపు వేయించింది. అడవంతా వచ్చింది. కొసరు తిని మూతి తుడుచుకుంది.

"కొనవా, కోతి మామా?"

"కడుపు నిండిపోయింది అల్లుడూ. రేపు చూద్దాంలే."

నాలుగు సంతలు తిరక్కుండానే నక్క దుకాణం మూతపడింది.

ఉడుత సభకు పోయి, "నక్క దుకాణం ఎత్తేసింది కదయ్యా, ఇక నా కొసరు నన్ను వేసుకోనివ్వండి" అంది.

"ముందు శిక్షణకు రా," అంది ఏనుగు. "చిన్న వ్యాపారులు పోటీలో ఎట్లా నిలవాలో నేర్పిస్తాం. రానివాళ్ళకు సంతలో చోటు లేదు."

"ఎప్పుడు పెట్టారు?"

"సంత రోజునే."

ఉడుత బుట్ట బోర్లించి వెళ్ళింది. వేదిక మీద శాలువా కప్పుకుని నక్క కూర్చునుంది.

"వ్యాపారంలో అనుభవం ఉన్నవాడు," అని కోతి పరిచయం చేసింది.

నక్క లేచి నిలబడి గొంతు సవరించుకుంది. "చాలాకాలం ఆలోచించి నేనొక కిటుకు కనిపెట్టాను. కొలిచి పోశాక, పైన ఒక గుప్పెడు వెయ్యాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. చోటు పోతుందేమోనని ఉడుత కూడా కొట్టింది.

కాబట్టి నాయనా, దుకాణం నడిపేవాళ్ళు కూర్చుని నేర్చుకోవాలి, ముంచినవాళ్ళు నిలబడి నేర్పాలి.